తలనొప్పి నూనెలు: సీసా మీద శాతం లేకపోతే కొనకండి

తలనొప్పికని అమ్మే ఎసెన్షియల్ ఆయిల్స్ (మొక్కల నుంచి తీసే ఘాటైన వాసన నూనెలు) అన్నిటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. వాసన ఇంచుమించు ఒకటే, అట్ట మీద ఆకుల బొమ్మా ఒకటే. కానీ ఒకటి రాసుకుంటే పావుగంటలో తల తేలికపడుతుంది, ఇంకోటి రాసుకుంటే నుదురు జిడ్డవడం తప్ప ఏమీ జరగదు. తేడా మూడు చోట్ల వస్తుంది: లోపల ఉన్నది ఏ మొక్క నూనె, ఎంత శాతం ఉంది, దేంట్లో కలిపారు. ఈ మూడూ చెప్పని సీసా ఎంత ముచ్చటగా ఉన్నా కొనక్కర్లేదు.

నూనెల సంగతికి ముందు నొప్పి సంగతి. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు, రెండు పక్కలా సమానంగా, మెడ వెనక కండరాలు పట్టేసి వచ్చేది టెన్షన్ తలనొప్పి. నూనెలు బాగా పనిచేసేది దీని మీదే. ఒక పక్కే నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ, వాంతి వచ్చేట్టుండి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోతే అది మైగ్రేన్. ఇందులో చాలామందికి ఘాటైన వాసనలే పడవు. అలాంటివాళ్లు ముక్కు దగ్గరకి పిప్పర్‌మింట్ అనే ఒక రకం పుదీనా నూనె తెచ్చుకుంటే ఉన్న నొప్పి పెరుగుతుంది, వాంతి కూడా అవుతుంది. కాబట్టి మైగ్రేన్ ఉన్నవాళ్లు నొప్పి లేని రోజున సీసా మూత తీసి, దూరం నుంచి వాసన చూసి, పడుతుందో లేదో తేల్చుకోవాలి. నొప్పి మొదలయ్యాక ప్రయోగాలు వద్దు.

ఆల్కహాల్‌లో 10 శాతం పిప్పర్‌మింట్: కొనదగ్గది ఇదే

మొత్తం వరసలో గట్టి ఆధారం ఉన్నది దీనికే. 1996లో జర్మనీలో హార్ట్‌ముట్ గోబెల్ బృందం 41 మంది మీద, 164 సార్లు వచ్చిన తలనొప్పుల మీద దీన్ని పరీక్షించింది. ఇథనాల్‌లో 10 శాతం పిప్పర్‌మింట్ నూనె కలిపి నుదుటికీ కణతలకీ పూశారు. పావుగంటకి ఒకసారి, అరగంటకి ఇంకోసారి మళ్లీ పూశారు. పోలికకి 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇచ్చారు. మొదటి పావుగంటలోనే నొప్పి తగ్గడం మొదలైంది, గంటపాటు తగ్గుతూ పోయింది, పారాసిటమాల్‌కీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇందులో మెచ్చుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఉత్తుత్తి మందుగా వాడిన ఇథనాల్‌లో కూడా వాసన వచ్చేంత పిప్పర్‌మింట్ వేశారు, ఏది అసలుదో ముక్కుకి తెలిసిపోకుండా. జర్మనీలో ఈ 10 శాతం ద్రావణానికి టెన్షన్ తలనొప్పి మందుగా అనుమతి ఉంది. యూరప్ ఔషధ సంస్థలోని మూలికా మందుల కమిటీ కూడా ఓ మోస్తరు టెన్షన్ తలనొప్పికి దీన్ని ఒప్పుకుంది.

ఎలా పనిచేస్తుందన్నది కూడా తెలిసిన సంగతే. పిప్పర్‌మింట్‌లో ఉండే మెంథాల్, చర్మంలో చల్లదనాన్ని కనిపెట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. చర్మం నిజంగా చల్లబడకపోయినా నరం మాత్రం 'చల్లగా ఉంది' అని కబురు పంపుతుంది. ఆ కబురు వెళ్తున్నంతసేపూ నొప్పి కబురు వెనకపడుతుంది. ఈ గ్రాహకాన్ని గుర్తించినవాళ్లలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కి, స్పర్శ, ఉష్ణోగ్రత గ్రాహకాల మీద చేసిన పనికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక ఆల్కహాల్ ఎందుకంటే, అది ఆవిరైపోతూ మెంథాల్‌ని చర్మం మీద వదిలి వెళ్తుంది. నూనె అలా వదలదు, తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అందుకే ఒకే శాతం ఉన్నా ఆల్కహాల్ ద్రావణం రాసిన నిమిషంలో చల్లదనం తెలుస్తుంది, నూనెలోది నెమ్మదిగా, మందంగా తెలుస్తుంది.

రాసే తీరులో చాలామంది పొరపాటు పడతారు. కణతల మీద చుక్క పెట్టి గట్టిగా రుద్దడం కాదు. నుదురంతా, జుట్టు మొదలయ్యే గీత వెంబడి, ఒక కణత నుంచి రెండో కణత దాకా పలచటి పూత పడాలి. స్పాంజి మూత ఉన్న సీసా దీనికి బాగా పనికొస్తుంది, రోలర్ బంతి కన్నా సమానంగా పూస్తుంది. కనుబొమలకి రెండు వేళ్ల ఎత్తులో ఆపేయండి, కణత దగ్గర కంటి మూలకి రెండు వేళ్ల దూరం ఉంచండి. పూసిన వెంటనే పడుకుని కళ్లు మూసుకుంటే ఆవిరి కళ్లలోకి చేరి నీళ్లు కారతాయి, ఆల్కహాల్ ఆరే ఒకటి రెండు నిమిషాలు కూర్చునే ఉండండి. పావుగంటకి రెండో పూత, ఇంకో పావుగంటకి మూడోది. అంతటితో ఆపాలి. గంటయినా కదలిక లేకపోతే నాలుగో పూత వల్ల ఒరిగేది చర్మం మంటే.

చేతులు సబ్బుతో కడగడం మరచిపోకండి. వేలి కొసన మిగిలిన మెంథాల్ అరగంట తర్వాత కన్ను నలుపుకున్నప్పుడు పని చూపిస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు రాసుకోకముందే తీసేయాలి. ఒకవేళ కంట్లో పడితే లెన్సు తీసి, పదిహేను నిమిషాలపాటు ధారగా మంచినీళ్లతో కడగాలి, మంట తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

చల్లదనం కావాలని తడిబట్ట వేసుకోవచ్చు. వేడి కాపడం మాత్రం పూత మీద పెట్టకూడదు, దాని మీద బిగుతుగా పట్టీ గానీ హెల్మెట్ గానీ పెట్టుకోకూడదు. మెంథాల్ ఉన్న చోట వేడి తగిలితే ఎంత కాలుతోందో తెలియదు, గాలాడకుండా మూసేస్తే బొబ్బలు కూడా వస్తాయి. వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే, కనుబొమలు తీయించుకున్న రోజున, ఎండకి కమిలిన చర్మం మీద కూడా వద్దు. ఇది ఆల్కహాల్ కాబట్టి పూత ఆరేదాకా మంట దగ్గరకి, సిగరెట్ దగ్గరకి పోకూడదు.

ఇందులో లోపం ఒకటుంది: మూత సరిగ్గా బిగించకపోతే ఆల్కహాల్ మెల్లిగా ఆవిరైపోతుంది. లోపల మిగిలేది చిక్కటి నూనె. ఆరు నెలల క్రితం హాయిగా అనిపించిన సీసా ఇప్పుడు చుర్రుమంటోందంటే కారణం అదే. అలాంటిది పారేయడమే మంచిది.

నూనెలో కలిపిన రోల్ ఆన్: లెక్క చూసి తీసుకోవాలి

ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే, ఎక్కువగా నిరాశపరిచేదీ ఇదే. 10 మిల్లీలీటర్ల సీసాలో నాలుగు చుక్కలు వేసినా 'పిప్పర్‌మింట్ ఉంది' అని రాసుకోవచ్చు. మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు అనుకుంటే అది 2 శాతం. ఆధారం ఉన్నది 10 శాతానికి. ఐదో వంతు మందు వేసుకుని మందు పనిచేయలేదంటే ఆ తప్పు మొక్కది కాదు. అట్ట మీద శాతం లేని రోల్ ఆన్‌లని ఈ ఒక్క కారణంతోనే వద్దంటున్నాం.

నూనె రోల్ ఆన్‌కి ఉన్న మేలు ఏమిటంటే పొడిచర్మం వాళ్లకి ఆల్కహాల్ అంత మంట పుట్టించదు, మెడ వెనక మర్దనకి వీలుగా ఉంటుంది. టెన్షన్ తలనొప్పిలో మెడ వెనక, పుర్రె కింది అంచున రెండు గుంటలు ఉంటాయి కదా, అక్కడ వేళ్లతో మెల్లిగా నొక్కుతూ రెండు మూడు నిమిషాలు మర్దన చేస్తే కండరం వదులవుతుంది. నిజం చెప్పాలంటే అక్కడ సగం పని వేళ్లదే. నుదుటికి మాత్రం నూనె అంత అనువైంది కాదు, చెమటతో కలిసి కళ్లలోకి జారుతుంది.

ఇంట్లో కలుపుకోవడం కష్టం కాదు, శాతం మన చేతిలో ఉంటుంది కూడా. గడ్డకట్టని కొబ్బరినూనె గానీ, జొజోబా గానీ, బాదం నూనె గానీ 9.5 మిల్లీలీటర్లు, పిప్పర్‌మింట్ అర మిల్లీలీటరు. ఇది 5 శాతం. మొదటిసారి వాడేవాళ్లకి ఇది చాలు. చర్మానికి పడిందని తేలాక, నుదుటికి కాకుండా మెడకి మాత్రమే 10 శాతం దాకా వెళ్లొచ్చు: 9 మిల్లీలీటర్లకి ఒకటి. చుక్కలు లెక్కపెట్టకండి, సూది లేని సిరంజితో కొలవండి. చుక్క పరిమాణం మూతని బట్టి, నూనె పలచనని బట్టి మారిపోతుంది. ఒక సీసాలో 20 చుక్కలకి వచ్చే మిల్లీలీటరు ఇంకో సీసాలో 30 చుక్కలకి వస్తుంది. ముందు సీసాలో పిప్పర్‌మింట్ వేసి, తర్వాత నూనె పోసి, బంతి మూత బిగించి, అరచేతుల మధ్య దొర్లిస్తే కలిసిపోతుంది. వాడే ముందు మోచేతి లోపలి వైపు ఓ చుక్క రాసి ఒక రోజంతా, కుదిరితే రెండు రోజులు చూడండి. ఎరుపు, దురద, పొక్కులు కనిపిస్తే అది మీకు పడదు.

ఆల్కహాల్ ద్రావణం ఇంట్లో కలుపుకోమని మాత్రం చెప్పం. దానికి స్వచ్ఛమైన ఇథనాల్ కావాలి. స్పిరిట్ పేరుతో దొరికేవాటిలో మిథనాల్ గానీ ఇతర రసాయనాలు గానీ కలిసి ఉంటాయి. అవి ముఖానికి, అందులోనూ కళ్ల దగ్గర, పూసుకునేవి కావు. ఇది తయారై వచ్చిందే కొనాలి.

రోలర్ బంతి గురించి ఓ మాట. స్టీలు బంతి ప్లాస్టిక్ బంతి కన్నా చాలా మేలు. ప్లాస్టిక్‌ది పిప్పర్‌మింట్‌కి మెత్తబడి, కొన్ని నెలలకి గట్టిగా తిరగడమో, కారడమో మొదలవుతుంది. ప్రతిసారీ చర్మం మీది మురికీ జిడ్డూ బంతి వెంట సీసాలోకి పోతాయి కాబట్టి ఒకరిది ఒకరు వాడకూడదు.

చిక్కటి పిప్పర్‌మింట్ సీసా: కొనేటప్పుడు చదవాల్సింది అట్ట వెనక

ఏమీ కలపని నూనెని నేరుగా నుదుటికి రాయకూడదు. అది కలుపుకోవడానికే. కొనేటప్పుడు ముందు చూడాల్సింది మొక్క శాస్త్రీయ నామం. 'మెంథా పైపెరిటా' అని ఉండాలి. 'మెంథా ఆర్వెన్సిస్' అని ఉంటే అది వేరే పుదీనా. దాన్నుంచి మెంథాల్ స్ఫటికాలు తీసేశాక మిగిలిన నూనె చవగ్గా దొరుకుతుంది, పిప్పర్‌మింట్ పేరుతో అమ్ముడవుతూ ఉంటుంది. ఇక ఉత్త 'పుదీనా నూనె' అనో 'మింట్ ఆయిల్' అనో రాసుంటే అది స్పియర్‌మింట్ కూడా కావచ్చు. పచ్చడి పుదీనా వాసన తియ్యగా వస్తుంది, చల్లదనం దాదాపు ఉండదు. స్పియర్‌మింట్‌లో ప్రధానంగా ఉండేది కార్వోన్, మెంథాల్ కాదు. తలనొప్పికి దాంతో పనిలేదు.

రెండోది బ్యాచ్ నంబరు, దానికి సరిపోయే జీసీ-ఎంఎస్ నివేదిక. నూనెలో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే పరీక్ష అది. మందుల నాణ్యతా ప్రమాణాలు చెప్పే యూరప్ ఫార్మకోపియా ప్రకారం పిప్పర్‌మింట్ నూనెలో మెంథాల్ 30 నుంచి 55 శాతం, మెంథోన్ 14 నుంచి 32 శాతం ఉండాలి. ఈ రెండు వరసలు చూస్తే చాలు, మిగతా పట్టిక అర్థం కాకపోయినా ఫరవాలేదు. నివేదిక మీది బ్యాచ్ నంబరు, సీసా మీది నంబరు ఒకటేనా అన్నది తప్పకుండా చూడండి. ఏళ్ల తరబడి ఒకే నివేదికని అన్ని సీసాలకీ చూపిస్తే దానికి విలువ లేదు.

'థెరప్యూటిక్ గ్రేడ్' అన్న ముద్రని పట్టించుకోకండి. అలాంటి గ్రేడుని నిర్ణయించే అధికారిక సంస్థ ఏదీ లేదు, అమ్మేవాళ్లు తమకి తాము ఇచ్చుకునే బిరుదు అది. 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్', 'నేచర్ ఐడెంటికల్' అన్న మాటలుంటే మొక్క నూనెగా అనుకోవద్దు.

ఇంట్లో చేసుకోగలిగిన చిన్న పరీక్ష: తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. పిప్పర్‌మింట్, లావెండర్, నీలగిరి లాంటి పలచటి నూనెలు కొన్ని గంటల్లో ఆవిరైపోతాయి. మర్నాటికీ వెలుతురుకి పట్టి చూస్తే జిడ్డు మరక పారదర్శకంగా కనిపిస్తోందంటే వంటనూనె లాంటిదేదో కలిపారు. ఈ పరీక్ష కలిపిన నూనెనే పట్టిస్తుంది. రసాయనంగా తయారుచేసిన మెంథాల్‌ని కలిపినా కాగితం శుభ్రంగానే ఆరిపోతుంది. అందుకే కాగితం కన్నా నివేదికకే విలువ.

లావెండర్: వాసనకి, పూతకి కాదు

లావెండర్‌కి ఉన్న ఆధారం పిప్పర్‌మింట్‌కి ఉన్నంత లేదు, అలాగని లేకపోలేదు. 2012లో ఇరాన్‌లో 47 మంది మైగ్రేన్ రోగుల మీద చేసిన పరీక్షలో కొందరికి లావెండర్, మిగతావాళ్లకి లిక్విడ్ పారఫిన్ ఇచ్చి పావుగంటసేపు పీల్చమన్నారు. లావెండర్ పీల్చినవాళ్లకి వచ్చిన 129 నొప్పుల్లో 92 సార్లు పూర్తిగానో కొంతో ఉపశమనం దొరికింది. పారఫిన్ వాళ్లకి 68 నొప్పుల్లో 32 సార్లు దొరికింది. రెండో అంకె మీద కాస్త ఆగాలి. వాసనే లేని పారఫిన్‌కి కూడా దాదాపు సగం నొప్పులు తగ్గాయి. పావుగంట పని మానేసి, కదలకుండా కూర్చుని, ఊపిరి నెమ్మదిగా పీల్చడంలోనే సగం మందు ఉంది. లావెండర్ దాని పైన ఇంకొంచెం ఇస్తుంది. పైగా పరీక్ష చిన్నది, లావెండర్ వాసన ఎవరికి తెలియదు కనక? తమకి ఏది ఇచ్చారో వాళ్లు ఊహించి ఉండొచ్చు. అయినా ఘాటు పడని మైగ్రేన్ వాళ్లకి పిప్పర్‌మింట్ కన్నా ఇదే నయం.

వాడే తీరు తేలిక. రుమాలు మీద రెండు మూడు చుక్కలు వేసి, ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని పావుగంట. నొప్పి మొదలైన తొలి నిమిషాల్లోనే చేయాలి, ముదిరాక పెద్దగా ఉపయోగం ఉండదు. వికారం పెరిగితే రుమాలు పక్క గదిలో పడేయండి.

కొనేటప్పుడు 'లావండ్యులా అంగుస్టిఫోలియా' అన్న పేరు వెతకండి. 'ఇంటర్మీడియా' అని ఉంటే లావండిన్ అనే సంకరజాతి, 'లాటిఫోలియా' అని ఉంటే స్పైక్ లావెండర్. ఈ రెంటిలో కర్పూరం పాళ్లు ఎక్కువ, వాసన గుచ్చుకున్నట్టుంటుంది. నొప్పిలో ఉన్న తలకి ఆ గుచ్చుకోవడం అస్సలు పనికిరాదు.

మిశ్రమాలు: ఎక్కువ పేర్లుంటే ఎక్కువ పని కాదు

పిప్పర్‌మింట్, నీలగిరి, రోజ్‌మేరీ, తులసి, నిమ్మ, వింటర్‌గ్రీన్... ఒక సీసాలో ఏడెనిమిది నూనెలు కలిపి 'హెడేక్ బ్లెండ్' అని అమ్ముతారు. పేర్లు పెరిగినకొద్దీ పనిచేసేదాని వాటా తగ్గుతుందన్నది మామూలు లెక్కే. అంతకన్నా గట్టి మాట గోబెల్ బృందమే 1994లో 32 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో తేలింది. ఇథనాల్‌లో పిప్పర్‌మింట్ పూసినప్పుడు నొప్పి తెలియడం తగ్గింది. పిప్పర్‌మింట్‌కి నీలగిరి తైలం కలిపి పూసినప్పుడు కండరాలు వదులయ్యాయి, మనసుకి హాయిగా అనిపించింది, కానీ నొప్పి మీద ప్రభావం పెద్దగా లేదు. కాబట్టి నీలగిరి కలిస్తే బలం పెరుగుతుందన్న నమ్మకం నిలవదు. జలుబుతో ముక్కు దిబ్బడేసి తల బరువెక్కినప్పుడు నీలగిరి వాసన ఊపిరి తేలికైనట్టు అనిపింపజేస్తుంది, దాని చోటు అది.

మిశ్రమాల్లో చూసి వదిలేయాల్సినవి మూడున్నాయి. వింటర్‌గ్రీన్ నూనె దాదాపు అంతా మిథైల్ శాలిసిలేటే, ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆస్పిరిన్ పడనివాళ్లు దాని జోలికి పోకూడదు. కర్పూరం, నీలగిరి, రోజ్‌మేరీ మూర్ఛ ఉన్నవాళ్లకి మంచివి కావు. కర్పూరం, నీలగిరి కలిసిన బామ్‌లు వాడాక మూర్ఛలు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పచ్చి తొక్క పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ నూనెలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. నుదుటి మీద రాసుకుని ఎండలోకి పోతే, రాసిన గీత వెంబడే నల్లటి మచ్చ పడి నెలల తరబడి పోదు. అలాంటి మిశ్రమం రాసుకుంటే కనీసం 12 గంటలు ఆ చోట ఎండ తగలనివ్వకూడదు. తలనొప్పికి మందు వెతుక్కుంటూ మచ్చ తెచ్చుకోవడం ఎందుకు?

డిఫ్యూజర్

నీళ్లలో వేసిన నూనెని ఆవిరిలా గదిలోకి వదిలే పరికరం ఇది. తలనొప్పి కోసమే అయితే కొనక్కర్లేదు. ఆవిరిలో ఎంత మోతాదు ముక్కుకి చేరుతోందో తెలియదు, ఇంట్లో ఒకరి కోసం పెడితే అందరూ పీల్చాలి. ఇప్పటికే ఉంటే 100 మిల్లీలీటర్ల నీళ్లకి మూడు నుంచి ఐదు చుక్కల లావెండర్ వేసి, కిటికీ తెరిచి, అరగంట లోపు ఆపేయండి. తలుపులన్నీ మూసి రాత్రంతా నడిపితే పొద్దున అదే తలనొప్పి తెస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో అసలే వద్దు, దాని కాలేయం ఈ పదార్థాలని విరగ్గొట్టి బయటికి పంపలేదు. మరిగే నీళ్లలో నూనె వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం కన్నా డిఫ్యూజర్ మేలే. ఆ పద్ధతిలో గిన్నె తొణికి కాలడం, కళ్లు మండడం మామూలు.

ఎవరికి కూడదు, ఎప్పుడు కూడదు

రెండేళ్ల లోపు పిల్లల ముఖానికి, ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం, నీలగిరి ఉన్నవి ఏవీ రాయకూడదు. ఊపిరితిత్తులకి గాలి వెళ్లే దారి బిగుసుకుపోయి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆరేళ్ల లోపు పిల్లలకి తలనొప్పి వస్తే నూనెలు కాదు, డాక్టరే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమని చూసే డాక్టరుని అడిగి వాడాలి. ఏ ఎసెన్షియల్ ఆయిలూ తాగేది కాదు, నీళ్లలో చుక్క వేసుకున్నా సరే. నీలగిరి తైలం చిన్న పిల్లలు చెంచాడు మింగినా స్పృహ తప్పి, మూర్ఛ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. మింగితే వాంతి చేయించకుండా, సీసా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. చర్మం మీద ఎక్కువ పడి మండితే ముందు వంటనూనెతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. నూనె నీళ్లలో కరగదు, నీళ్లొక్కటే పోస్తే పక్కకి పాకుతుంది. కంటికి మాత్రం నీళ్లే.

కొన్ని తలనొప్పులకి ఏ సీసా తెరవకూడదు. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరినది, జ్వరంతోపాటు మెడ బిగుసుకుపోయినది, తలకి దెబ్బ తగిలాక వచ్చినది, మాట తడబడడం, చూపు పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం తోడైనది, యాభై దాటాక కొత్తగా మొదలైనది, దగ్గినా వంగినా పెరిగేది. ముఖ్యంగా యాభై దాటినవాళ్లలో కణత ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే అది రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యం చేస్తే చూపు పోతుంది. అదే కణతకి నూనె రాసుకుంటూ కూర్చోవడం ప్రమాదం.

మాత్రలు ఎక్కువైపోయినవాళ్లకి మాత్రం ఈ పూత నిజంగా అక్కరకొస్తుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్ మాత్రలూ, రెండు మూడు మందులు కలిసిన మాత్రలూ నెలకి 10 రోజులు, ఇలా మూడు నెలలకి మించి వాడితే మాత్రల వల్లే తలనొప్పి మొదలవుతుంది. అలాంటివాళ్లు డాక్టరు సలహాతో మాత్రలు తగ్గించుకునే రోజుల్లో, ఓర్చుకోగలిగిన నొప్పికి ముందు 10 శాతం పూత వేసి గంట ఆగి, అప్పటికీ తగ్గకపోతేనే మాత్ర వేసుకుంటే నెలలో కొన్ని మాత్రలైనా మిగులుతాయి. ఎన్ని మిగిలాయో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. రెండు నెలలు గుర్తులు పెట్టినా సంఖ్య తగ్గలేదంటే ఈ పూత మీ నొప్పికి కాదు.

దాచడం

ముదురు గోధుమరంగు గాజు సీసా, చల్లటి చోటు, గట్టి మూత. రబ్బరు బుడ్డీ ఉన్న డ్రాపర్‌తోనే మూతపెట్టి అమ్మే సీసాని కొనకండి, నూనె ఆవిరికి రబ్బరు జిగురై లోపలికి కారుతుంది. తెరిచిన తేదీ సీసా మీద రాసి పెట్టుకోండి. పిప్పర్‌మింట్ రెండు మూడేళ్లు ఉంటుంది. లావెండర్ గాలి తగిలి మారిపోతుంది, అందులో ఉండే లినలూల్ అనే వాసన పదార్థం గాలితో కలిసి చర్మానికి పడని పదార్థంగా తయారవుతుంది. ఏడాదో రెండేళ్లో దాటాక వాసనలో పూల తీపి పోయి, వార్నిష్ లాంటి పుల్లటి ఘాటు తగిలితే ఆ సీసా వయసైపోయినట్టే. రుమాలుకి కూడా వాడకండి.